స్మిత్ అనే ఇంటిపేరు



ఈ సంచిక నిమిత్తం పాత వివాహపు రిజిస్టర్లు తిరగవేస్తుండగా ఒక పెండ్లి సంగతి జ్ఞప్తికి వచ్చింది. నా చిన్నతనంలో వాల్తేరు రైల్వే కాలనీలో మా ఇంటికి ఇటూ అటూ రెండు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. రెండింటి పేరూ స్మిత్తే. ఆ యింటి అబ్బాయికీ ఈ యింటి అమ్మాయికీ పెండ్లి కుదిరింది. అమ్మాయి అమ్మమ్మ మాత్రం తెలుగింటి ఆడపడుచు. "ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్ల వరస కాదటయ్యా?" అని పట్టుబట్టి కూర్చున్నది.

ఆమె భయం ఆమెది. మనలో ఇంటిపేరూ గోత్రమూ కలిస్తే పెండ్లి మాటే ఎత్తరు గదా!

కాని స్మిత్ అన్నది వృత్తిని చెప్పే మాట. లోహపు పని చేసేవాడని అర్థం. మనకు కమ్మరి, కంసాలి, కంచరి అని వేరువేరు మాటలున్నవి; ఇంగ్లీషువారికి అందరికీ ఆ ఒక్క మాటే ఆధారం. పూర్వం ఇంగ్లండులో సామాన్యులకు వంశనామాలు లేవు. ఊళ్లో నలుగురు జాన్‌లుంటే కొలిమి జాన్, మిల్లు జాన్ అని గుర్తు చెప్పుకునేవారు. 14వ శతాబ్ది నాటికి ఆ గుర్తులు చాలావరకు కొడుకులకూ మనుమలకూ అంటుకుపోయాయి. కొలిమి మానేసి దర్జీపని పట్టినా స్మిత్ స్మిత్తే!

నాగలికి కర్రు, గుర్రానికి లాడం కావాలి గనుక ఊరూరా కమ్మరి ఉండేవాడు. ఒకరికొకరు ఏమీ కాని కుటుంబాలకు ఎక్కడికక్కడ ఈ పేరు పుట్టింది. ఇంగ్లండులో అన్నిటికన్న ఎక్కువగా వినిపించే ఇంటిపేరు ఇదే. జర్మనుల ష్మిట్, హంగేరీవారి కొవాచ్, ఇటలీవారి ఫెర్రారీ కూడా కొలిమి పేర్లే. అమెరికాలో 2010 జనాభా లెక్కలనాటికి స్మిత్‌లు 24 లక్షల పైచిలుకు. పేరు మార్చుకున్న ష్మిట్‌లూ, బానిసత్వం నుండి విడుదలైన నల్లజాతివారి సంతతీ అందులో ఉన్నారు.

అప్పటి మా విచారణ గురువులు రిజిస్టర్లు తెప్పించి చూశారు. అబ్బాయి ముత్తాత మదరాసు పటాలంలో సిపాయి. అమ్మాయి తండ్రివైపువారు ఖరగ్‌పూర్ రైల్వేవారు. ఎక్కడా కలవలేదు. అంతా విని అమ్మమ్మ, "అయితే గాజువాక కమ్మరీ భీమిలి కమ్మరీ వియ్యమందినట్టేనన్నమాట" అన్నది. పెండ్లినాడు ముందు వరసలో ఆమే కూర్చున్నది.

ఇప్పుడు మన పిల్లల చిక్కు మరొకటి. మా తమ్ముడి కొడుకు పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడిలో తండ్రి జ్ఞానస్నానపు పేరు వేశాడు. అక్కడ పుట్టిన వాడి బిడ్డలకు జాన్ అన్నదే వంశనామమైంది. మా అసలు ఇంటిపేరు వాడి కాగితాల్లో ఎక్కడా లేదు. వాణ్ణి తప్పుపట్టను, ఆ గడిలో ఏం వ్రాయాలో మేమూ చెప్పలేదు. మొన్న రిజిస్టరులో మా తాతగారి పేరు ముందు ఆ ఇంటిపేరు కనబడింది. నకలు వ్రాయించి వాడికి పంపాను.