విశ్రాంతి ఎరుగని విద్యార్థి



ఉద్యోగానికి విరమణ వయస్సు ఉన్నది. విద్యకు అటువంటి వయస్సు లేదు. జీవితమంతా ఒకే వృత్తిలో గడిపి అందులోనే రాణించినవారు కొందరు. కాలం అప్పగించిన ప్రతి పనినీ కొత్తగా నేర్చుకొని నిర్వహించినవారు మరికొందరు. ఈ రెండవ కోవకు చెందిన ఒక మహనీయుడు బంగాళాఖాతంలోని కార్‌నికోబార్ దీవిలో జన్మించారు. ఆయనే బిషప్ జాన్ రిచర్డ్‌సన్.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరుకు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరాన, కొబ్బరితోటలతో నిండిన చిన్న దీవి కార్‌నికోబార్. దాని ఉత్తరపు కొసన ఉన్న గ్రామం మూస్. 1884లో అక్కడ పుట్టిన ఆ బాలుని తొలి పేరు హాచెవ్‌కా. ఆనాటి దీవివాసులకు తమ భాషలో చదువుకొనడానికి పుస్తకం లేదు. మద్రాసు ప్రాంతం నుండి వచ్చి మూస్‌లో చిన్న బడి నడిపిన వేదప్పన్ సాలొమన్ అనే తమిళుడు ఆయనకు అక్షరాలు దిద్దించారు. ఆపైన చదువుకై ఆ బాలుడు సముద్రం దాటి బర్మాలోని మాండలే నగరానికి వెళ్ళాడు. తమిళ గురువు, బర్మా పాఠశాల, ఆంగ్ల పాఠ్యపుస్తకం, నికోబారీ మాతృభాష: ఇన్ని ప్రవాహాలు ఒక్క విద్యార్థిలో కలిశాయి.

చదువు ముగించిన యువకుడు స్వగ్రామానికే తిరిగివచ్చి ఉపాధ్యాయుడైనారు. పాఠం చెప్పేవారు కూడ పాఠం నేర్వవలసినదే. పరభాషలో తాను చదివినది తన పిల్లలకు వారి మాటల్లో చెప్పడానికి ఆయన సొంత భాషనే మళ్ళీ కొత్తగా నేర్చుకొనవలసి వచ్చింది. ఆంగ్ల లిపిలో నికోబారీ పలుకులను కూర్చే కృషి అప్పటికే సాగుతున్నది. 1925లో వైట్‌హెడ్ రచించిన కార్‌నికోబారీ నిఘంటువు రంగూనులో అచ్చయింది. ఆ భాష పుట్టుకతో వచ్చిన రిచర్డ్‌సన్ అనువాదానికి పూనుకొన్నారు. గోధుమ చేను, ఒంటె, ఎడారి, మంచు ఎరుగని దీవిలో వాటిని వర్ణించే గ్రంథాన్ని ఏ మాటలతో చెప్పాలి? అటువంటి చోట నిఘంటువు కన్న వృద్ధుల జ్ఞాపకమే పెద్ద ఆధారం. ఆయన అనువదించిన కొత్త నిబంధన 1950లో వెలువడింది. సంపూర్ణ బైబిలు 1969లో వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 85 సంవత్సరాలు.

ఈ మధ్యకాలం ప్రశాంతంగా గడిచినది కాదు. 1942 నుండి 1945 వరకు దీవులు జపాను సైన్యపు ఆక్రమణలో ఉన్నాయి. గూఢచారులన్న అనుమానంతో అనేకమంది నికోబారీలను సైనికులు హింసించి చంపారు. రిచర్డ్‌సన్ మృత్యువు అంచు దాకా వెళ్ళి బ్రదికారు. యుద్ధం ముగిసేనాటికి ఆయనకు అరవై దాటాయి. సామాన్యంగా విశ్రాంతి కోరుకొనే ఆ వయస్సులో ఆయన శిథిలమైన సమాజాన్ని నిలబెట్టే పనికి నడుము కట్టారు.

1934లో పురోహితుడైన ఆ ఉపాధ్యాయుడు 1950లో బిషప్పు అయ్యారు. 1952లో రాష్ట్రపతి ఆయనను అండమాన్ నికోబార్ దీవుల ప్రతినిధిగా తొలి లోక్‌సభకు నామినేట్ చేశారు. తన భాషలో పుస్తకం లేని గ్రామంలో పుట్టిన వ్యక్తి, అరవైయెనిమిదవ ఏట, పార్లమెంటు విధానాలను విద్యార్థివలె నేర్చుకొనడం మొదలుపెట్టారు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1978 జూన్ 3న ఆయన కన్నుమూశారు.

ఈ జీవితగాథ తెలుగువారికి పరాయిది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూనే గిడుగు రామమూర్తి పంతులు కొండకోనల సవరల భాషను నేర్చారు. వారి పిల్లలకై పాఠశాలలు నెలకొల్పారు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన ఆయన రచించిన సవర వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. అంటే, విరమణ తరువాత ఇరవై ఏళ్ళకు! సవర, నికోబారీ భాషలు రెండూ ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానికి చెందినవే కావడం మరొక విశేషం. ఒకరు ఇరుగువారి భాషను నేర్చి వారికి పుస్తకమిచ్చారు. వేరొకరు దూరదేశపు చదువును తన భాషలోకి తెచ్చారు. త్రోవలు వేరు, గమ్యం ఒకటే.

2004 డిసెంబరు 26 నాటి సునామీ కార్‌నికోబార్ తీరగ్రామాలను తుడిచిపెట్టింది. ఇళ్ళు పోయాయి, తోటలు పోయాయి. ఆ భాష, ఆ అక్షరాలు నిలిచాయి. దీవిలోని ఆసుపత్రి రిచర్డ్‌సన్ పేరునే ధరించి ఉన్నది.

వృత్తులు ఎన్ని మారినా ఆయనలో మారనివి రెండు. కొత్త పని వచ్చిన ప్రతిసారీ సిగ్గుపడక మొదటి బల్లపై కూర్చొనడం ఒకటి. నేర్చినదానిని తనవారికి అందించడం రెండవది. మొదటిది ఉన్నవారికి ముసలితనం లేదు. రెండవది ఉన్నవారి విద్యకు మరణం లేదు.