తాళం కంట్రాక్టరు చేతిలో ఉంటే జవాబు ఎవరిది?
(దళిత కార్యకర్తల శిక్షణా సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో కొన్ని జైళ్లను ప్రైవేటు కంపెనీలు నడుపుతున్నాయి. ఖైదీ తలకు రోజుకింత అని సర్కారు డబ్బు కడుతుంది. తిండిలో, మందుల్లో, గార్డుల జీతాల్లో ఎంత మిగిలితే కంపెనీకి అంత లాభం. ఇది కొత్త సంగతేం కాదు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనే, నేరానికి శిక్షగా అయితే చాకిరీ చేయించవచ్చని సందు వదిలారు. ఆ సందులోంచే దక్షిణాది రాష్ట్రాలు నల్ల ఖైదీలను గనులకూ తోటలకూ అద్దెకిచ్చాయి. అలబామాలో ఇది 1928 దాకా సాగింది.

మరి కంపెనీ గార్డు కొడితే ఎవర్ని అడగాలి? క్లూ క్లక్స్ క్లాన్ దౌర్జన్యాల మీద 1871లో తెచ్చిన చట్టం ఒకటుంది. రాష్ట్రం ఇచ్చిన అధికారంతో ఎవరు హక్కులు కాలరాసినా వాళ్ల మీద దావా వేయొచ్చు. టెన్నెసీలో ఒక ఖైదీ, సంకెళ్లు మరీ బిగించి గాయపరిచారని కంపెనీ గార్డుల మీద ఈ చట్టం కిందే దావా వేశాడు. సర్కారీ గార్డులకుండే మినహాయింపు కంపెనీ గార్డులకు లేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. అయిదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు.

2001లో తీర్పు ఎదురు తిరిగింది. ఈయన న్యూయార్కులో కేంద్ర ప్రభుత్వ ఖైదీ, గుండెజబ్బు మనిషి. కంపెనీ ఉద్యోగి లిఫ్టు ఎక్కనివ్వలేదు. అయిదో అంతస్తుకు మెట్లెక్కుతూ గుండెపోటొచ్చి పడిపోయాడు. 1871 చట్టం రాష్ట్రాల అధికారానికే గాని కేంద్రానికి వర్తించదు. రాజ్యాంగం పేరు చెప్పి కంపెనీని పరిహారం అడగడం కుదరదు, మామూలు నష్టపరిహారం దావా వేసుకోమన్నారు. ఇక్కడా అయిదుగురూ నలుగురే.

ఇదంతా మనకెందుకంటారా? మనోడు మ్యాన్‌హోల్లో దిగి చచ్చిపోతే మున్సిపాలిటీ ఏమంటుంది? "మా మనిషి కాదు, కంట్రాక్టరు మనిషి" అంటుంది. కంట్రాక్టరేమో "వాడెవడో నాకు తెలీదు" అంటాడు. మురుగుకాలవ చావులకు 2014లో 10 లక్షలివ్వాలన్న మన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. జైళ్లలో కులాన్ని బట్టి పాకీపని అంటగట్టే నిబంధనలు చెల్లవని 2024 అక్టోబరు 3న తీర్పిచ్చింది. బాబాసాహెబ్ అధ్యక్షతన రాసిన రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనం సర్కారు పాటించినా, ప్రైవేటువాడు పాటించినా నేరమే అంటుంది.

కాబట్టి అర్జీ రాసేటప్పుడు పని చేయించినవాడి పేరూ రాయండి, ఆ పని అప్పజెప్పిన ఆఫీసు పేరూ రాయండి. ఇద్దరిలో ఒక్కణ్ణి వదిలేసినా రెండోవాడు వాడి చాటున దాక్కుంటాడు. సర్కారు పనిని కంట్రాక్టుకియ్యొచ్చు గాని మన ప్రాణానికి జవాబుదారీని కంట్రాక్టుకివ్వడానికి వీల్లేదు.

జై భీమ్!