ఆ ఆంప్లిఫయర్ కాల్చింది నేనే
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పమన్నారు నిర్వాహకులు. చెబుతాను. దాంతోపాటు 40 ఏళ్ల నాటి తప్పొకటి ఒప్పుకుంటాను.

మొన్న మా మేనల్లుడు కారులో పెట్టడానికి రెండు సబ్‌వూఫర్లు, ఒక ఆంప్లిఫయర్ కొన్నాడు. "మావయ్యా, పెట్టె మీద 2000 వాట్లని ఉంది, అద్దాలు అదరాలి" అన్నాడు. తీరా బిగించాక, కాసేపటికే ఎర్రలైటు వెలిగి పాట ఆగిపోతోంది. అమ్మినవాడు మోసం చేశాడని వాడి కోపం.

విప్పి చూశాను. ఒక్కో వూఫర్‌లో 4 ఓమ్‌ల కాయిల్స్ రెండేసి ఉన్నాయి. వాడు మొత్తం నాలుగింటినీ ప్యారలల్‌గా కలిపేశాడు. మన పుస్తకంలో సమాంతర సంధానం అని చదివామే, అదే. 4ను 4తో భాగిస్తే 1 ఓమ్. ఆ ఆంప్లిఫయర్‌కి 2 ఓమ్‌ల కన్నా తగ్గకూడదని దానితో వచ్చిన పుస్తకంలోనే ఉంది. నిరోధం తగ్గితే కరెంటు పెరుగుతుంది, వేడెక్కుతుంది. ఎర్రలైటు వెలిగించి అది తనను తాను కాపాడుకుంది.

ఒక్కో వూఫర్‌లోని రెండు కాయిల్స్‌నీ సిరీస్‌లో కలిపాను: 8 ఓమ్‌లు. రెండు వూఫర్లనూ ప్యారలల్‌గా కలిపాను: 4 ఓమ్‌లు. మళ్లీ ఎర్రలైటు రాలేదు.

ఇక వాట్లు. పెట్టె మీది 2000 క్షణకాలపు మాట. చూడవలసింది ఆగకుండా ఇవ్వగలిగే ఆర్.ఎం.ఎస్. వాట్లు. 4 ఓమ్‌ల దగ్గర అవి 300. ఒక్కో వూఫర్ 250 మోయగలదు, 150 అందుతుంది. చాలు. వేడిగా పోయేది కూడా కలిపితే బ్యాటరీ వైపు నుంచి సుమారు 375 వాట్లు, అంటే 27 ఆంపియర్లు లాగుతుంది. అందుకే లావు రాగి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు.

గెయిన్ నాబ్ కూడా వాల్యూమ్ కాదు. స్పీకర్లు విప్పి, స్టీరియో ముప్పావు వంతు పెంచి, 50 హెర్ట్జ్ స్వరం పెట్టి, మల్టీమీటరులో ఏసీ 34.6 వోల్టుల దగ్గర ఆపాను. 300ని 4తో గుణించి వర్గమూలం తీయండి, అదే వస్తుంది. ఇంకా తిప్పితే తరంగం తలలు తెగి, ధ్వని గరగరలాడి, చివరికి కాయిల్ మాడుతుంది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు మావయ్యా?" అన్నాడు.

ఇక్కడే. పదో తరగతిలో, బడి వార్షికోత్సవం రోజు, శబ్దం చాలడం లేదని 8 ఓమ్‌ల ఆంప్లిఫయర్‌కి మూడు 8 ఓమ్‌ల బాక్సులు ప్యారలల్‌గా తగిలించాను. ప్రార్థన పూర్తికాకుండానే కాలిన వాసన. హెడ్మాస్టారు అడిగితే మన ఫిజికల్ సైన్సు మాస్టారు "పాతదండీ, పోయింది" అన్నారు. రిపేరు డబ్బులు ఆయన జేబులోంచే పోయాయని తర్వాత తెలిసింది. మర్నాడు నన్నొక్కణ్ణే పిలిచి బోర్డు మీద లెక్క చేయించారు: 2.67 ఓమ్‌లు. అలాంటి లెక్కకు పరీక్షలో నాకు పూర్తి మార్కులొచ్చాయి. అర్థమైంది మాత్రం ఆ రోజే.

మాస్టారూ, మీరు ముందు వరసలోనే ఉన్నారు. ఆ ఆంప్లిఫయర్ కాల్చింది నేనే. డబ్బిస్తే మీరు తీసుకోరు. అందుకని నెలకో శనివారం ఇక్కడికి వస్తాను. స్పీకర్లు, మల్టీమీటరు తెచ్చి పదో తరగతి పిల్లల చేత ఆ లెక్క చేతులతో చేయిస్తాను. కాలితే ఈసారి నా ఆంప్లిఫయరే కాలుతుంది.

సెలవు.