అభిమానుల సమ్మేళనం

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. సభలు జరిపిన అనుభవం ఉన్నవారు ఈ సామెతకు ‘సభ చేసి చూడు’ అని మూడవ మాట కూడా చేర్చగలరు. పెండ్లిలో అలిగేది మగపెండ్లివారే అని ముందుగా తెలుసు. సభకు వచ్చినవారిలో ఎవరు అలుగుతారో బ్రహ్మదేవునికి కూడా తెలియదు.

ఈనాటి ప్రసంగానికి నేను తీసుకొన్న విషయం అటువంటి సభ ఒకటి. అది ఒక పండితునికి సన్మానం చేయడానికో, ఒక తీర్మానం ప్యాసు చేయడానికో కూడినది కాదు. ఒక తరహా కథలంటే ప్రాణమిచ్చేవారు, ఆ ప్రీతి ఒక్కటే బంధుత్వంగా, దూరదేశాలనుంచి వచ్చి నాలుగు రోజులు కలిసి గడిపే సభ. వైజ్ఞానిక కల్పనా కథల అభిమానులు జరుపుకొనే ప్రపంచ సమ్మేళనం ఇటువంటి సభలకు పెద్దక్క వంటిది. అది 1939లో పుట్టినది. యుద్ధం కారణంగా 1942 నుంచి 1945 వరకు ఆగినది. ఆ తరువాత ఏటేటా జరుగుచున్నది.

దీని పుట్టుకకు రేడియోతో కొంత చుట్టరికం ఉన్నది. లక్సెంబర్గులో పుట్టి అమెరికాకు వలసవచ్చిన హ్యూగో గెర్న్స్‌బాక్ మొదట రేడియో సామగ్రి అమ్మినవాడు; రేడియో పత్రికలు నడిపినవాడు; 1925లో న్యూయార్కులో సొంత ప్రసార కేంద్రం పెట్టినవాడు. ఆయన 1926 ఏప్రిల్‌లో ‘అమేజింగ్ స్టోరీస్’ అనే మాసపత్రికను కేవలం వైజ్ఞానిక కల్పనల కోసం ప్రారంభించాడు. ఆ పత్రికలో పాఠకుల ఉత్తరాలు వేసేవాడు. ఉత్తరం క్రింద వ్రాసినవారి పేరుతోపాటు చిరునామా కూడా వేసేవాడు.

చూడడానికి ఇది చిన్న పని. కాని దాని ఫలితం ఎంతదో ఊహించండి. ఇటువంటి కథలు చదివే కుర్రవాడు తన ఊరిలో ఒంటరివాడు. తండ్రి కోప్పడతాడు, ఉపాధ్యాయుడు పుస్తకం లాక్కొంటాడు, తోటివారు నవ్వుతారు. అటువంటివాడికి, తనవంటివాడే మరొకడు వంద మైళ్ళ దూరంలో ఫలానా వీధిలో ఉన్నాడని అచ్చులో కనబడినది. ఉత్తరాలు నడిచినవి. ఉత్తరాలనుంచి సంఘాలు, సంఘాలనుంచి చేతితో తయారుచేసిన చిన్న చిన్న పత్రికలు పుట్టినవి. చివరకు ముఖాముఖి కలుసుకోవలెననే కోరిక కలిగినది. 1937 జనవరి 3వ తేదీన ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో గుప్పెడుమంది అభిమానులు ముందుగా ప్రకటించి సభ చేసుకొన్నారు. అందులో పందొమ్మిదేళ్ళ ఆర్థర్ సి. క్లార్క్ కూడా ఉన్నాడు.

ఇక 1939 జూలై 2వ తేదీకి వద్దాము. ఆనాడు ఆదివారం. న్యూయార్కులో అప్పుడు ప్రపంచ ప్రదర్శన జరుగుచున్నది. ఎటూ ఊరికి జనం వస్తారు గనుక, అదే అదనుగా కొందరు యువకులు మూడు రోజుల సమ్మేళనం తలపెట్టి, దానికి కూడా ‘ప్రపంచ’ శబ్దం తగిలించారు. అధ్యక్షుడు శాం మాస్కోవిట్జ్‌కు పందొమ్మిదేళ్ళు నిండి అప్పటికి రెండు రోజులు. కారవాన్ హాలు అనే భవనం కుదిర్చారు. పత్రికలకు ముఖచిత్రాలు వేసే ఫ్రాంక్ ఆర్. పాల్‌ను గౌరవ అతిథిగా పిలిచారు. ‘మెట్రోపాలిస్’ అనే మూగచిత్రం తెప్పించారు.

రమారమి రెండు వందలమంది వచ్చారు. లాస్ ఏంజెలెస్‌నుంచి ఫారెస్ట్ అక్కర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్కాలపు మనుష్యుల వేషంలో వచ్చారు. ఆ దుస్తులు డగ్లస్ కుట్టినవి. ఈనాడు ఇటువంటి సభలకు జనం వేషాలు వేసుకొనివచ్చే ఆచారానికి ఆ రెండు జతల బట్టలను మొదలుగా చెప్పుకొంటారు. అదే నగరంనుంచి వార్తాపత్రికలు అమ్ముకొనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడొకడు, అక్కర్‌మన్ ఇచ్చిన అప్పుతో, దేశం ఆ కొననుంచి ఈ కొనకు బస్సులో వచ్చాడు. తరువాతి కాలంలో జగత్ప్రసిద్ధుడైన రచయిత రే బ్రాడ్‌బరీ అతడే.

ఇంతవరకు అంతా మంగళమే. కాని ఆరోజున ద్వారం దగ్గర ఒక తగవు నడిచినది. న్యూయార్కులోనే ‘ఫ్యూచరియన్లు’ అనే మరొక జట్టు ఉన్నది. వారూ ఆ కథలు చదివేవారే. అయితే రాజకీయాలలో వామపక్షంవైపు మొగ్గినవారు. రెండు జట్ల మధ్య పాత కక్షలున్నవి. నిర్వాహకుల పెత్తనాన్ని ఖండించే కరపత్రాల కట్ట ఒకటి భవనంలో దొరికినది. ఇది ఫ్యూచరియన్ల పనే అనుకొన్నారు నిర్వాహకులు. అల్లరి చేయబోమని మాట ఇస్తేనే రానిస్తామన్నారు. అవతలివారు ఆ మాట ఇవ్వలేదు. డొనాల్డ్ వోల్‌హైమ్, ఫ్రెడరిక్ పోల్, సిరిల్ కార్న్‌బ్లూత్ మొదలుగా ఆరుగురు వెలుపలనే ఉండిపోయారు. కార్న్‌బ్లూత్‌కు ఆనాడే పుట్టినరోజు, పదహారేళ్ళు నిండినవి. చిత్రమేమంటే, ఆ కరపత్రం వ్రాసిన డేవిడ్ కైల్ అనే యువకుణ్ణి ఎవరూ ఆపలేదు. అతడు లోపలనే ఉన్నాడు.

నిర్వాహకుల పక్షాన న్యాయం లేదని నేను అనను. ఎన్నో నెలలు శ్రమపడి సభ కుదిర్చినవాడు, అది రసాభాస అవుతుందేమోనని భయపడడం సహజం. కాని కాలం ఏమి చేసినదో చూడండి. ఆనాడు ద్వారం దాటనీయని పోల్‌ను అదే సమ్మేళనం 1972లో లాస్ ఏంజెలెస్‌లో గౌరవ అతిథిగా పిలిచినది. వోల్‌హైమ్‌కు 1988లో న్యూ ఆర్లియన్స్‌లో ఆ గౌరవం దక్కినది. కార్న్‌బ్లూత్ మంచి రచయిత అనిపించుకొని, 1958లో ముప్ఫైనాలుగేళ్ళకే మరణించాడు. అతని విషయంలో తప్పు దిద్దుకొనే అవకాశం ఎవరికీ లేకపోయినది.

మరి కరపత్రం వ్రాసిన కైల్ సంగతి? 1956లో సమ్మేళనం మళ్ళీ న్యూయార్కుకు వచ్చినప్పుడు అధ్యక్షుడు అతడే. ఆ సభలో విందుకు వేరుగా రుసుము పెట్టారు. అది కట్టలేనివారు ఉపన్యాసాలైనా విందామని మేడమీది వసారాలో కూర్చోబోతే, ‘ఇక్కడ కూర్చోరాదని డేవ్ కైల్ అంటున్నాడు’ అని చెప్పి లేపివేశారు. ఆ మాట అతడు అన్నాడో లేదో గాని, చెల్లినది అతని పేరు మీదనే. ఆ వాక్యం అభిమానులలో సామెతయై, ఎన్నో ఏళ్ళు అతన్ని వెన్నంటినది. పదిహేడేళ్ళ క్రిందట పెత్తనాన్ని ఖండించినవాడు, తాను అధికారి అయ్యేసరికి అదే నింద మోయవలసివచ్చినది. మనిషి మారలేదు; నిలబడిన చోటు మారినది.

ఈ సమ్మేళనం ఏర్పాటులో ఒక విశేషమున్నది. పూర్తి సమ్మేళనానికి వచ్చేవాడు టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు కాడు. చందా కట్టిన సభ్యుడు. రాబోయే సమ్మేళనం ఏ నగరంలో జరగవలెనో సభ్యులే ఓటు వేసి నిర్ణయిస్తారు. గెర్న్స్‌బాక్ పేరున 1953లో మొదలైన హ్యూగో బహుమతులకు కూడా వారి ఓట్లే ఆధారం. అధ్యక్షుడు మొదలుకొని కుర్చీలు సర్దేవారి వరకు జీతం పుచ్చుకొనేవారు లేరు. 1952లో బెల్‌ఫాస్ట్ నగరవాసి వాల్ట్ విల్లిస్‌ను షికాగో సభకు రప్పించడానికి అమెరికా అభిమానులు చందాలు పోగుచేశారు. ఆయన వ్రాతలు చదవడమే తప్ప వారిలో చాలామంది ఆయన ముఖం ఎరుగరు.

అందువల్ల ఇటువంటి సభ తలపెట్టినవారు స్థలము, తేది, ధనము కుదిర్చినంత మాత్రాన పని తీరదు. ఎంతమంది వస్తారో అంచనా వేయవలెను. ఆ అంచనా తప్పితే ఏమి చేయవలెనో కూడా ముందుగానే అనుకోవలెను. 1972 జనవరిలో న్యూయార్కులో ‘స్టార్ ట్రెక్’ అనే టెలివిజన్ కథల అభిమానులు ఒక సభ చేశారు. కొన్ని వందలమంది వస్తారనుకొంటే మూడు వేలకు పైగా వచ్చారు. కథ ప్రసారం ఆగి అప్పటికి రెండున్నర ఏళ్ళు దాటినది. ప్రేమ ఎంత ఉన్నదో లెక్కకట్టే కొలపాత్ర ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

అయితే అన్నిటికంటె కష్టమైన ఏర్పాటు ద్వారం దగ్గరిదే. ఇది ఆనాటితో తీరిన సమస్య కాదు. 2023లో సమ్మేళనం చైనాలోని చెంగ్డూ నగరంలో జరిగినది. సభ్యుల ఓట్లు పొందిన రచనలు కొన్నింటిని హ్యూగో బహుమతులకు అర్హములు కావని ప్రక్కకు తీసివేశారు. ఎందుకు అర్హములు కావో చెప్పలేదు. 2024 జనవరిలో ఓట్ల లెక్కలు బయటపడగా సభ్యులు నిలదీశారు. బాధ్యులు కొందరు పదవులు వదులుకొన్నారు. ఆ ఏడే గ్లాస్గోలో సమ్మేళనం జరిగినప్పుడు 377 ఓట్లు నిజమైన వ్యక్తులవి కావని నిర్వాహకులు కొట్టివేశారు. కాని ఎన్ని కొట్టివేసినదీ, ఎందుకు కొట్టివేసినదీ బహుమతులు ప్రకటించకముందే అందరికీ తెలియజేశారు. రెండు చోట్లా తలుపు మూశారు. ఒకచోట మూసిన తలుపు మీద కారణం వ్రాసిపెట్టారు, రెండవచోట వ్రాయలేదు. ఒకచోట నమ్మకం నిలిచినది, రెండవచోట చెడినది.

సభలకు వెళ్ళేవారికి కూడా ఒక మాట. మన హైదరాబాదులోను కొన్నేళ్ళుగా చిత్రకథల అభిమానులకు పెద్ద ప్రదర్శనలు జరుగుచున్నవి. వెళ్ళే యువకులు వేదికమీది ప్రముఖులతో ఫోటో తీయించుకొని తృప్తిపడక, ప్రక్క కుర్చీలోనివారిని పలకరించండి. మీరు చదివిన పుస్తకమే చదివిన మనిషి అక్కడే ఉన్నాడు. బ్రాడ్‌బరీ అప్పుచేసి అంత దూరం వచ్చినది అటువంటివారి కోసమే గదా!

చివరగా నా సొంత సంగతి ఒకటి మనవిచేస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శ్రోతల సమావేశానికి నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. చేతిలో పేర్ల జాబితా. ఒక పెద్దమనిషి, వెంట పదేళ్ళ పిల్లవాడు, ఎండలో వచ్చారు. ఆహ్వానపత్రం లేదు. పత్రం లేనిదే వీలుకాదన్నాను. ఆయన ఏమీ అనకుండా పిల్లవాని చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయాడు. నేను ఆయన పేరు అడగలేదు. వారం రోజులకు ఒక కార్డు వచ్చినది. ‘సమావేశం చక్కగా జరిగినదని విన్నాను, సంతోషం. మావాడు మిమ్మల్ని చూడవలెనని ముచ్చటపడ్డాడు, చూశాడు’ అని వ్రాసి ఉన్నది. క్రింద సంతకం, ప్రతివారం మాకు ఉత్తరం వ్రాసే శ్రోతది. ఆ దస్తూరి చూడగానే గుర్తుపట్టగలిగేవాణ్ణి, మనిషిని గుర్తుపట్టలేకపోయాను.

జాబితా తప్పు కాదు. హాలులో ఉన్న కుర్చీలు అన్ని మాత్రమే. కాని పేరు అడగడానికి, కారణం చెప్పడానికి, ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వడానికి కుర్చీలతో పనిలేదు. అభిమానుల సభ జరిపేవారు ద్వారం దగ్గర నిలబెట్టే మనిషికి మొదట నేర్పవలసినది ఈ మూడు పనులే. మిగిలినవన్నీ ఆ తరువాత నేర్పినా సరిపోతుంది.