ఒడిలో బిడ్డతో పరదేశ ప్రయాణం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడి పంతుల్ని. నా తెలుగులో అక్కడక్కడ ఉర్దూ దొర్లితే మన్నించాలి. కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాను, మీరూ ఏటా అదే వింటున్నారు. కనుక ఆయన అనుమతితో ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటున్నాను.

మన నిజామాబాద్ చుట్టుపట్ల ఏ మొహల్లాకు వెళ్లినా దుబాయిలోనో, రియాద్‌లోనో, కువైట్‌లోనో మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. ముందు మగవాడు పోతాడు. నాలుగు రాళ్లు సంపాదించాక భార్యను పిలిపించుకుంటాడు. ఆ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వస్తుంది. బిడ్డకు ఐదారు నెలలు రాగానే ఒడిలో పెట్టుకుని తిరుగు ప్రయాణం. దానికి మనం చేసే ఏర్పాట్లు చూడండి. పచ్చళ్లు పెడతాం, కొత్త బట్టలు కుట్టిస్తాం, పెట్టె బరువు నాలుగుసార్లు తూస్తాం. బిడ్డ కాగితాలు మాత్రం ఆఖరి నెలలో వెతుక్కుంటాం.

వెనుకటి రోజుల్లో తల్లి పాస్‌పోర్టులోనే బిడ్డ పేరు రాయించేవారు. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. కాని మన పెద్దల మనసుల్లోంచి ఇంకా పోలేదు. "పాలుతాగే బిడ్డకు పాస్‌పోర్టు ఎందుకయ్యా" అని ఇవాళ్టికీ అడుగుతున్నారు. నెల బిడ్డకైనా సరే, పాస్‌పోర్టు వేరు, వీసా వేరు, టిక్కెట్టు వేరు. సర్కారు లెక్కలో ఆ బిడ్డ తల్లి సామానులో భాగం కాదు, ఒక పూర్తి మనిషి. ఆ మనిషి ఎవరు, ఎవరి బిడ్డ అని చెప్పేది ఒకే ఒక్క కాగితం. అదే జనన ధ్రువపత్రం.

1969 నాటి చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపల నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మాత్రం మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా తిరగాలి. 2023 అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారి విషయంలో పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువుగా ఈ ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో నిబంధన కూడా వచ్చింది. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, ఏడో రోజున అఖీఖా చేస్తాం, పేరు పెడతాం, బిర్యానీ వండించి ఆ పేరు ఊరందరికీ చెబుతాం, మునిసిపాలిటీవారికి తప్ప. అక్కడ రిజిస్టరులో "ఫలానా బేగం గారి మగశిశువు" అనే ఉండిపోతుంది. ఏడాదిలోపు వెళితే రుసుము లేకుండా ఆ ఖాళీలో పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాతైతే రుసుము కట్టాలి.

ఇక పేర్ల రాత సంగతి. ఇది నా రోజువారీ తలనొప్పి కనుక కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి. ఉర్దూలో ముహమ్మద్ అని రాయడానికి మీమ్, హే, మీమ్, దాల్, నాలుగే అక్షరాలు. ఎవరు రాసినా ఒకటే రూపు. అదే పేరు ఇంగ్లీషులోకి పోయేసరికి ఒకరు 'ఓ' పెడతారు, ఒకరు 'యు' పెడతారు, ఒకరు రెండు 'ఎం'లు రాస్తారు, ఇంకొకరు 'ఎం.డి.' అని పొట్టి చేసి ఊరుకుంటారు. నా హాజరు పట్టీలో సొంత అన్నదమ్ములకే వేర్వేరు రాతలున్నాయి. బడిలో ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. విమానాశ్రయంలోని కంప్యూటరుకు మాత్రం వాళ్లిద్దరూ వేర్వేరు ఇంటిపేర్లవాళ్లు.

ఆడపిల్లల విషయం ఇంకా చిక్కు. మా బంధువుల అమ్మాయి ఉంది. నికాహ్‌నామాలో ఆమె పేరు చివర సుల్తానా. ఆధార్ కార్డులో బేగం. కాన్పు అయిన ఆసుపత్రివారు పంపిన కాగితంలో ఖాతూన్. మనిషి ఒక్కతే, పేర్లు మూడు. భర్త రియాద్‌లో ఉన్నాడు. పాపకు నాలుగు నెలలప్పుడు పాస్‌పోర్టుకు పెట్టారు. "ఈ పాప తల్లి మీరేనని ఏమిటి రుజువు?" అని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? పాప అప్పుడు ఆమె కొంగు పట్టుకుని పాలకోసం ఏడుస్తున్నదట. అది రుజువు కిందికి రాదు కదా! జనన ధ్రువపత్రం సరిదిద్దించి, తల్లి కాగితాలన్నీ ఒక పేరుకు తెచ్చేసరికి ఆమె రీ-ఎంట్రీ వీసా గడువు దాటిపోయింది. మళ్లీ మొదటినుంచి మొదలు. తండ్రి ఆ పాపను మొదటిసారి ఎత్తుకునేటప్పటికి ఆమెకు పదమూడో నెల. అప్పటికి నడుస్తున్నది. కొత్త మనిషిని చూసి తల్లి వెనక్కి పోయి దాక్కుంది.

తండ్రి విదేశంలో ఉంటే బిడ్డ పాస్‌పోర్టుకు ఆయన సమ్మతి పత్రం అక్కడి మన ఎంబసీలో ధ్రువీకరించి పంపవచ్చు. దానికీ రోజులు పడతాయి. ఇంకొక మెలిక ఉంది. ముద్దుగా ఒకే ముక్క పేరు పెట్టి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తుంటారు. 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒకే ముక్క పేరున్నవారిని విజిట్ వీసాపై రానివ్వబోమని దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్స్ దేశం ప్రకటించింది. కనుక గడి నింపండి. మరొకటి, పసిపిల్లల పాస్‌పోర్టుకు గడువు 5 ఏళ్లే, పెద్దలకు మాదిరిగా పదేళ్లు కాదు.

డబ్బు మాట కూడా చెప్పాలి, మన ఇళ్లలో ఇది ముందు అడగరు. సౌదీ ప్రభుత్వం 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. ఏడాదికి 100 చొప్పున పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. అంటే ఒక్కొక్కరికి ఏడాదికి 4,800 రియాళ్లు. ఉయ్యాలలో ఉన్న బిడ్డ కూడా ఒక తలే. చిన్న జీతాలవారు ఎందరో ఆ బరువు మోయలేక భార్యాబిడ్డల్ని ఇంటికి పంపేశారు. పిలిపించుకోవద్దని నేననను. బిడ్డ తండ్రి దగ్గర పెరగాలనే నా కోరిక. కాని అల్లుడిని "ఏం తెస్తున్నావు" అని అడిగే బదులు "బిడ్డ లెక్క వేసుకున్నావా" అని అడగండి.

ఇప్పుడు నానీలకు ఒక విన్నపం. బాలింత హరీరాకు, కూతురి కూరల మసాలాకు మీరు ప్రేమగా గసగసాలు పొట్లం కడతారు. ఖష్‌ఖష్ మనకు వంట దినుసు. గల్ఫ్‌లో అది నిషిద్ధం, ఎందుకంటే నల్లమందు మొక్క గింజలే గసగసాలు. అక్కడి కస్టమ్స్‌లో ఆ పొట్లంతో దొరికి జైలుపాలైన మనవాళ్లున్నారు. పసిబిడ్డ తల్లి చేతిసంచిలో అది ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. పెట్టెను మీ చేత్తో మీరే విప్పి చూడండి. కోడీన్ కలిసిన దగ్గుమందూ పెట్టకండి. తక్కిన మందులు డాక్టరు చీటీతో పాటు పెట్టండి.

విమానంలో భయపడేదేమీ లేదు. రెండేళ్లలోపు బిడ్డకు వేరే సీటు లేకుండా, సాధారణంగా పెద్దల ఛార్జీలో పదోవంతుకు టిక్కెట్టు ఇస్తారు. రెండేళ్లు నిండితే సీటు కొనాల్సిందే. విమానం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గాలి ఒత్తిడి మారి చెవులు దిబ్బడ వేస్తాయి. మనం గుటకలు మింగుతాం, బిడ్డకు ఆ ఉపాయం తెలియదు. ఆ సమయంలో పాలు పట్టండి, మింగుతుంటే చెవి తెరుచుకుంటుంది. దిగేటప్పుడు నిద్రపోతుంటే లేపి మరీ పట్టండి. బుర్ఖాలో పాలిచ్చే వీలు ఎటూ ఉంది, ఎవరికోసమూ సిగ్గుపడనక్కర్లేదు. అక్కడి ఎండలకు భయపడి ఆరు నెలలలోపు బిడ్డకు నీళ్లు పట్టించే అలవాటు ఉంది. అవసరం లేదు. తల్లిపాలు చాలు, తల్లి మాత్రం బాగా నీళ్లు తాగాలి.

సాగనంపే బలగం గురించి కూడా ఒక మాట. ఇక్కడినుంచి శంషాబాద్ నాలుగు గంటల దారి. రెండు జీపుల్లో పదహారు మంది పోయి, ద్వారం దగ్గర తలా ఒకసారి ఎత్తుకుని ముద్దాడి, బిడ్డ గుక్కపెట్టి ఏడ్చాక లోపలికి పంపుతారు. ఆ ఏడుపుతో ఆ పిల్ల ఒక్కతే ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి. ముద్దులన్నీ ఇంటి దగ్గరే కానివ్వండి. ఇద్దరు వెళితే చాలు.

ఈ మూడు నెలల్లో ప్రయాణం ఉన్న ఇళ్లవారు ఎవరైనా ఇక్కడుంటే, చాయ్ అయ్యాక బిడ్డ ధ్రువపత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, నికాహ్‌నామా తీసుకుని ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం. కళ్లద్దాలు తెచ్చుకున్నాను.