గబ్బిలముల జిజ్ఞాస

కొలిమిగుండ్లకు సమీపమున నున్న బెలుం గుహలకు ‘బిలము’ అను మాటనుండియే ఆ పేరు వచ్చినదందురు. 1884లో రాబర్టు బ్రూసు ఫూటు వానిని గూర్చి లోకమునకు తెలిపెను. 1982, 83 సంవత్సరములలో గెబౌర్ నాయకత్వమున జర్మను బృందము దీపములు పట్టుకొని లోన దిగి, వానిని కొలిచినది. గుహల పొడవు 3,229 మీటర్లు. అట్టి చీకటిలోనే బ్రదుకు గబ్బిలము దారి నెట్లు కనుగొనును?

చెవులతోనని మన మెరుగుదుము. అది వేయు కేక మన చెవికి సోకదు. 1938లో అమెరికాలో గ్రిఫిన్, పియర్సు అను శాస్త్రజ్ఞులు దానిని యంత్రముతో పట్టిరి. గుహలలో నుండి పండ్లు తిను జాతి మాత్రము నాలుకతో టక్కుమనిపించి ప్రతిధ్వని వినును. అయితే ప్రతిధ్వని చెప్పునది ఎదుటనున్న గోడను గూర్చియే. క్రోసు దూరమున నున్న మేడిచెట్టు సంగతి దానికెట్లు తెలియును? అది తిరిగి తెలిసికొనవలసినదే.

ఈ జాతికి దగ్గరి జ్ఞాతియగు ఈజిప్టు గబ్బిలమును గూర్చి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయము వారు ప్రకటించిన విషయములు మాకు మిక్కిలి ముచ్చట గొలిపినవి. తల్లి పిల్లను పొట్టకు అంటిపెట్టుకొని యెగిరి, ఒక చెట్టుపై దింపి, తాను మేతకు పోవును. రెక్కలు వచ్చిన పిమ్మట పిల్ల ఒంటరిగా ఆ చెట్టునకే పోయి, అచటినుండి కొత్త తావులు వెదకును. కొంతకాలమునకు ఎన్నడును పోని అడ్డదారులను గూడ పట్టును. జాషువా కవి 1941లో గబ్బిలమును కాశీకి దూతగా బంపెను గదా. దౌత్యమునకు అది తగినదే!

బయలుదేరుటకు ముందు సైతము గబ్బిలము పరీక్ష చేయును. సంధ్యవేళ కొన్ని గుహద్వారము వరకు వచ్చి, వెలుతురు తగ్గినదో లేదో చూచి, మరల లోనికి పోవును. ఇట్లు పలుమారులు జరుగును. మదురైలో శాస్త్రజ్ఞులు 1981లో ప్రకటించిన ప్రయోగమున, గుహలోపల పంజరములో నుంచిన గబ్బిలము వెలుతురు కానకున్నను, తోటివాని రాకపోకలవలననే వేళ గ్రహించినది. కావున ద్వారముకడ చూచి వచ్చినవాని ఎరుక తక్కినవానికిని అక్కరకు వచ్చుచున్నదని మాకు తోచుచున్నది.

బెలుం గుహలలో 2002 నుండి యాత్రికులకై విద్యుద్దీపములు వెలుగుచున్నవి. దీపము లేనిదే మనము చూడలేము, అందు తప్పులేదు. కాని గుహయైనను, పాతగుడియైనను, గబ్బిలములు వెడలు ద్వారమునకు ఎదురుగా సాయంకాలము దీపము పెట్టినచో, చూడవచ్చిన గబ్బిలము ఇంకను ప్రొద్దు గ్రుంకలేదని వెనుకకు మరలును. మునిమాపున కొంతసేపే పురుగులు దట్టముగా నెగురును. గబ్బిలము ఆలస్యముగా వెడలునప్పటికి అవి పలుచబడి యుండును.