ఉద్యోగమును కళయు: రాళ్లపల్లివారి జీవితము

 

చదువు చెప్పుట వృత్తిగా గలవానికి, సొంతముగా ఒక పద్యమో పాటయో పుట్టించుకొను తీరిక చిక్కునా యను ప్రశ్న కొత్తది కాదు. గ్రంథాలయములకు వచ్చువారిలో ఉపాధ్యాయులున్నారు, ఉపాధ్యాయులు కాగోరు పిల్లలున్నారు. పగలెల్ల పాఠములు, రాత్రి జవాబుపత్రములు దిద్దుట, నడుమ తనిఖీలు, జాబితాలు. పెట్టె అడుగున ఒక నోటుపుస్తకములో సగము వ్రాసిన పద్యములు పడియుండును. ఉద్యోగము విరమించిన పిమ్మట చూతమని వాయిదా వేయుదురు. ఆనాటికి పుస్తకముండును గాని చేయి తిరుగదు.

దీనికి మహాకవులను చూపి సమాధానము చెప్పుట వాడుక. విశ్వనాథ సత్యనారాయణగారు కళాశాలలలో తెలుగు బోధించినవారే. 'వేయిపడగలు' వంటి మహానవలను 1934 ప్రాంతమున నెల తిరుగకముందే చెప్పి వ్రాయించిరి. ఆ మాట నిజమే. కాని గోదావరి పొంగినదని మన ఊరి బావి పొంగునా? అట్టి ఉదాహరణములు ఆశ్చర్యమును కలిగించును గాని దారి చూపవు. గురజాడ అప్పారావుగారి దారి కొంత దగ్గరగా నున్నది. విజయనగరమున కళాశాలలో పాఠములు చెప్పి, సంస్థానపు కొలువు చేసి, అనారోగ్యముతో పెనగులాడుచు, 1892లో రంగమెక్కిన 'కన్యాశుల్కము'ను 1909 నాటికి తిరిగి వ్రాసి దాదాపు కొత్త నాటకము చేసిరి. ఒక్క నాటకము చుట్టు పదునేడేండ్లు! తీరిక దొరకనివానికి ఓపిక తోడైనచో ఏమగునో అది చూపుచున్నది.

అయితే ఈ ప్రశ్నకు సంపూర్ణముగా జవాబు చెప్పిన జీవితము మరియొకటి గలదు. అది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిది.

శర్మగారు 1893లో అనంతపురము జిల్లా రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రివద్ద సంస్కృతాంధ్రములు, తల్లివద్ద పాటలు నేర్చిరి. పిమ్మట మైసూరు చేరి పరకాలమఠమున శాస్త్రములు చదివిరి. అక్కడ కట్టమంచి రామలింగారెడ్డిగారి పరిచయము కలిగినది. రెడ్డిగారి ప్రోత్సాహమున 1912లో మైసూరు మహారాజా కళాశాలయందు తెలుగు పండితపదవి లభించెను. 1949 వరకు, అనగా ముప్పదియెనిమిది ఏండ్లు, కన్నడదేశము నడుమ కూర్చుండి తెలుగు పాఠము చెప్పిరి. 'తారాదేవి', 'మీరాబాయి' యను కావ్యములు తొలి వయస్సున వ్రాసినవి. అటుపిమ్మట ఆయన స్వతంత్రకావ్యరచన సన్నగిల్లినది.

ఇచ్చట కొంచెము ఆగవలెను. ఉద్యోగము కవిని మ్రింగినదని కొందరందురు. అందులో కొంత సత్యమున్నది. దానిని దాచుట మంచిది కాదు. ప్రోత్సహించిన రెడ్డిగారి విషయమే చూడుడు. విద్యార్థిదశలో 'ముసలమ్మ మరణము' వ్రాసిన ఆ చేయి, తరువాత విశ్వవిద్యాలయమును నడుపుటలో ఎక్కువ కాలము గడపినది. ఆంధ్రదేశమునకు గొప్ప ఉపాధ్యక్షుడు దొరకెను. ఎన్ని కావ్యములు పోయెనో లెక్క చెప్పువారు లేరు.

శర్మగారి విషయమున నష్టము మాత్రమే కాదు, మారకము కూడ జరిగినది. పద్యము తగ్గినచోట రెండు పనులు పెరిగినవి. మొదటిది తరగతిగదినుండి వచ్చినది. పాఠము చెప్పువాడు పద్యమును ఊరక మెచ్చుకొని ఊరుకొనుటకు వీలులేదు. ఎందుకు బాగున్నదో చెప్పవలెను. ఎదుటనున్న పిల్లవాడు అడుగును. ఈ అడుగుట, చెప్పుట అను రాపిడిలో ఆయన వచనము పదునెక్కినది. 1928లో ఆంధ్రవిశ్వవిద్యాలయమువారి కోరికపై వేమనను గూర్చి ఉపన్యాసములిచ్చిరి. శ్రీవైష్ణవ సంప్రదాయమున పెరిగి శాస్త్రములు చదివిన పండితుడు, విగ్రహములను, ఆచారములను ఎగతాళిచేసిన వేమనను గూర్చి మాటలాడుట! దూషణయు లేదు, మ్రొక్కుబడి స్తుతియు లేదు. వేమన పేర చెలామణియగు వేలపద్యములలో ఏది ఆయన గొంతుకయో, ఏది కాదో చెవితో తూచి పలికిరి. ఆ చెవి పద్యములు వ్రాసినవాని చెవి. ఆ తూకము పాఠము చెప్పినవాని తూకము. 'గాథాసప్తశతి'లోని ప్రాకృతగాథలను తెలిగించుటయందును ఇదే కనబడును. పొలములు, బావులు, అత్తాకోడండ్రు, ప్రయాణమై పోయిన మగడు: రెండువేల యేండ్లనాటి పల్లెజనుల ఊసులవి. పండితుడు మాత్రమే యైనచో అర్థము చెప్పి విడిచియుండును. కవి గనుక పద్యము చేసెను.

రెండవది సంగీతము. కళాశాల ఆయనకు తెలుగునకే జీతమిచ్చినది. సంగీతము ఎవరును అడిగినది కాదు. అయినను మైసూరున బిడారం కృష్ణప్పగారి వంటి విద్వాంసులను ఆశ్రయించి నేర్చిరి, సాధన విడువలేదు, సంగీతమును గూర్చి కన్నడమునను వ్యాసములు వ్రాసిరి. లాభము లేని ఇట్టి పనిని మన ఇండ్లలో 'పనిలేని పని' యందురు. (ఇంకొక మాట. పండితులకు సాయంకాలమున అట్టి తీరిక దొరకినదన్న, వంటయింట మరియొకరికి దొరకలేదన్న మాట. ఉపాధ్యాయినులుగా నున్న మన ఆడుబిడ్డల నోటుపుస్తకములు మరింత అడుగున పడియుండుటకు కారణమిదే. ఇంటివారు దీనిని గమనింపవలెను.)

ఆ పనిలేని పనికి పని పడిన దినము వచ్చెను. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమల ఆలయమున ఒక చిన్న అరలో రాగిరేకులమీద నిలిచియుండెను. ఇరువదవ శతాబ్దమున అవి వెలుగుచూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మున్నగువారు వానికై శ్రమించిరి. ప్రభాకరశాస్త్రిగారు 1950లో గతించిరి. మైసూరు కొలువు ముగిసి యేబదియేడవ యేట నున్న శర్మగారు ఆ సమయముననే తిరుపతికి వచ్చి సంకీర్తనల పరిష్కరణమున నియుక్తులైరి.

ఆ పని యెట్టిదో తెలిసికొన్నగాని దాని బరువు తెలియదు. లభించిన సంకీర్తనలు పండ్రెండువేలకు పైబడినవి. భాష అయిదువందల యేండ్లనాటిది; రాయలసీమ పలుకుబళ్లు నిండినది; చెక్కినవాని పొరపాట్లును గలవు. ఒక అక్షరము తప్పినచో పాదము కుంటును. ఏ అక్షరము తప్పినదో కనిపెట్టుటకు ఛందస్సు, ప్రాస, పాతతెలుగు తెలిసియుండవలెను. ఇది పండితుని పని. రేకుమీద పాటకు రాగము పేరున్నది గాని స్వరములు లేవు. పాడువారి పరంపర తెగిపోయినది. కొన్ని రాగముల పేళ్లు నేటివారెరుగనివి. పాటను మరల పాటగా లేపుట గాయకుని పని. ఇద్దరిని వేరువేరుగా తెచ్చి ఒకచోట కూర్చుండబెట్టవచ్చును. కాని మాట విరుగుడును స్వరపు మలుపును ఒక్క గొంతులో కలిసినప్పుడు దొరకు పొందిక వేరు. నూరింటికి పైగా కీర్తనలకు శర్మగారు స్వరరచన చేసిరి. తెలుగునాట నేడు అన్నమయ్య పాట వినబడని ఊరు అరుదు. రేకులు బయటపడిన తొలినాళ్లలో వానిని పాడదగినట్లు చేసి యిచ్చిన కొద్దిమందిలో ఈయన ముఖ్యులు.

మైసూరులో, జీతము తెచ్చు తెలుగు చాలునని సంగీతము విడిచియుండినచో, తిరుపతిలో ఆయన సగము మనిషిగా దిగియుండును. సంగీతమునకై ఉద్యోగము విడిచియుండినచో, పాతతెలుగును ముప్పదియెనిమిదేండ్లు పిల్లల ముందు విప్పిచెప్పిన అభ్యాసము లేకుండెడిది. ఒకదానినుండి దొంగిలించి రెండవదానికి పెట్టుట కాక, రెంటిని కొద్దికొద్దిగా ప్రతిదినము నిలుపుకొనుటయే ఆయన చేసినది. ఏనాటికి కలియునో ఆయనకును తెలియదు. అన్నమయ్య రేకులకొరకు 1912లో ఎవరు సాధన మొదలిడుదురు?

మద్రాసు సంగీత అకాడమీవారు 1974లో ఆయనకు 'సంగీత కళానిధి' బిరుదమిచ్చిరి. తెలుగు పండితునిగా జీవిక గడపినవానికి గాయకులు ఇచ్చుకొను బిరుదమది. 1979లో ఆయన పరమపదించిరి.

వేమనను గూర్చిన ఉపన్యాసములు చిన్న పుస్తకముగా దొరకును. నాలుగు సాయంకాలములలో ముగింపవచ్చును. దానితోబాటు ఆయన స్వరపరచిన అన్నమయ్య కీర్తన నొకదానిని, పాడగలవారిని పిలిచి, గ్రంథాలయపు అరుగుమీద పాడించుకొని వినుడు. మాట యెక్కడ ఆగునో, రాగమెక్కడ ఎత్తుకొనునో గమనించుడు. తెలుగు పంతులు ఎక్కడ ముగిసెను, గాయకుడు ఎక్కడ మొదలయ్యెను అన్నది చెవికి చిక్కునేమో చూడుడు.